రోజందార్ మాట్లాడిన ఆదివారం

మల్లేష్ ఇంకా లైనులోకి రాలేదు. పుస్తకంలో కథ చెబుతున్న కమలాకర్ సారు గొంతు మాత్రం చెవిలో నింపాదిగా నడుస్తోంది. సూరత్‌లో తెలుగు బడిలో పాఠం చెప్పి రిటైరైన మనిషి, ఎండాకాలం మధ్యాహ్నం పిల్లలు కునికినా ఆగని గొంతు అది. "మొన్న ఆపిన కాడ యాదికుందా అందరికి? సమ్మె షురూ అయింది. ఊడ్సెటోళ్లు చీపుర్లు కింద పెట్టిన్రు. పట్నమంత చెత్త." జమున కోసాడ్ కాలనీలో తాముండే బిల్డింగు డాబా మీద, నల్లటి నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి, ఇయర్‌ఫోను ఒక్క చెవికే పెట్టుకుని వింటోంది. రెండో చెవి ఊరికి వదిలేసింది. ఊరు మాట్లాడటం లేదు. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో ఆదివారానికీ మిగతా వారాలకూ తేడా లేకుండా పోయింది. అమ్రోలీ వైపు నుంచి వచ్చే సాంచాల మోత సన్నబడింది, ఆ మరమగ్గాలకు కరెంటు ఉన్నా నడిపే చేతులు ఊళ్లకు వెళ్లిపోయాయి. ఉండుండి ఒక అంబులెన్సు కూత మాత్రం ఏ వీధిలోంచో లేచి ఏ వీధిలోకో పోతుంది. కింద ఇంట్లో కూతురు రుచిత తన ఫోనులో ఇవే మాటలు వింటోంది. రెండు ఫోన్లు ఒకే గదిలో ఉంటే గొంతులు గింగురుమంటాయని చెప్పి జమున పైకి వచ్చేసింది. అది అబద్ధం కాదు. కానీ వచ్చింది అందుకు కాదు.

నిన్న సాయంత్రం సారు గ్రూపులో ఒక కబురు పెట్టాడు. రేపటి పుస్తకాల బైఠక్‌కు ఒక అతిథి వస్తున్నాడు, ప్లేగు కాలంలో మునిసిపాలిటీలో రోజందార్‌గా చేరి అప్పట్నుంచి ఈ ఊరు ఊడుస్తున్న మన తెలుగాయన, పేరు మల్లేష్ అని. రోజందార్ అంటే దినకూలీ. మునిసిపాలిటీలో ఊడ్చేవాళ్లలో రెండే జాతులు, రోజందార్లు, కాయమీలు. ఒకరికి రేపటి నమ్మకం ఉండదు, ఒకరికి ఉంటుంది. ఆ కబురు చదివినప్పుడు జమున ఒడిలో రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చిన చీర ఉంది, అంచుకు లేసు కుడుతోంది. సూది అక్కడే ఆగిపోయింది. మల్లేష్ అనే పేరు ఎంతమందికి లేదు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఇళ్లలో గడపకొక మల్లేష్ ఉంటాడు, అనుకుంది. మునిసిపాలిటీలో చేరిన మల్లేష్‌లు ఎంతమంది ఉంటారు, అని కూడా అనుకుంది. సారుకు ఫోను చేసి ఇంటిపేరు అడిగితే తేలిపోయేది. అడగలేదు. అతనే అయితే ఎలా అని ఒక భయం, అతను కాకపోతే ఎలా అని ఇంకో భయం, రెండింటి మధ్యా రాత్రి గడిచి, పొద్దున గడిచి, ఇప్పుడు ఫోను తెరమీద ఒక్కొక్క పేరూ ఒక్కొక్క గడిలో వచ్చి కూర్చుంటుంటే ఆమె ఆ గడులకేసి చూస్తూ నిలబడింది.

ఈ బైఠక్‌కు ఆమెను మొదట పంపింది భర్త రాజలింగం. పెళ్లయిన కొత్తలో కాదు, చాలా ఏళ్లకు, అతని దగ్గు మొదలయ్యాక. సాంచాల నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని పనికి పోలేని రోజుల్లో, లింబాయత్‌లో కులసంఘం గదిలో ఆదివారం పుస్తకాలు చదువుతున్నారని విని, నువ్వు పోయి విని రా, వచ్చి నాకు చెప్పు, అన్నాడు. అతనికి చదువు రాదు. ఆమె విన్నదంతా వచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పేది. అతను కళ్లు మూసుకుని వినేవాడు, నిద్రపోయాడనుకుని ఆపితే, "ఆడ ఆపకు, గా మేయర్ గెలిసిండా లేదా," అనేవాడు. ఎక్కడో ఉన్న పట్నాల మేయర్లు, మిల్లు కూలీలు, ట్రాము డ్రైవర్లు, రాత్రిళ్లు మురుగుతొట్లు మోసిన మనుషులు, వాళ్లంతా అలా ఆ ఇరుకు ఇంట్లోకి వచ్చి పోయారు. రాజలింగం మంచివాడు. ఆ మాట ఆమె ఎవరితోనైనా అంటుంది, ఎప్పుడైనా అంటుంది. అతను పోయాక ఆదివారాలు ఇంకా పొడుగైపోతే, చెప్పడానికి మనిషి లేకపోయినా పోతూనే ఉంది. రోగం వచ్చి గది మూతపడితే ఫోనులో వింటోంది. మనిషికి బెంగ ఒకటే ఉండాలని ఎవరన్నారు. రాజలింగం మీద బెంగ ఆమెకు అన్నం వండేటప్పుడు వస్తుంది, ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోసి మళ్లీ తీసేటప్పుడు. ఇంకో బెంగ ఉంది, అది తెల్లవారుజామున వస్తుంది, ఊడ్చిన రోడ్డు మీద చీపురు గీతలు ఇంకా చెదరకుండా, ఎవరూ తొక్కకుండా కనిపించినప్పుడు.

"సారు, ఒక మాట," అంటున్నాడు తిరుమల. రింగ్ రోడ్‌లో చీరల దుకాణంలో గుమస్తా, ప్రతి వారం ఎవరో ఒకరితో పేచీ పెట్టుకోనిదే అతనికి పుస్తకం చదివినట్టుండదు. "సమ్మె చేస్తె పబ్లిక్‌కు తక్లీఫ్ గాదా? కార్పొరేటర్ మాత్రం ఏం జేస్తడు? మన సూరత్‌నే చూడుండ్రి. ప్లేగు తర్వాత గింత సాఫ్ అయిందంటె ఆఫీసర్లు స్ట్రిక్టుగ ఉన్నరు గాబట్టి అయింది. పేపర్లల్ల వాళ్ల ఫోటోలే వచ్చినయ్." సారు నవ్వాడు. "ఫోటోల చీపురు ఎవరి చేతుల ఉండె తిరుమలా?" ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు, పట్నం ఎవరిది, ఓటేసినోడిదా, పన్ను కట్టినోడిదా, పొద్దున్నే లేచి ఊడ్చినోడిదా అని. ఆ మాటలు ఆమె చెవిలో పడి ఎక్కడెక్కడో తేలిపోయాయి. ప్లేగు అన్న మాట ఒక్కటే కిందికి దిగింది.

అప్పుడు, తొంభై నాలుగులో, లింబాయత్‌లో ఖాడీ ఒడ్డున ఉండేవాళ్లు. ఖాడీ అంటే కాలువనే పేరు గానీ అందులో పారేవి నీళ్లు కావు. వానాకాలం తాపీ నదికి వరదొచ్చి తీశాక ఎక్కడి చెత్త అక్కడ, ఎక్కడి చచ్చిన పశువు అక్కడ. ఆమె బాపు దశరథం, మల్లేష్ ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచాలు నడిపేవాళ్లు. మధ్యాహ్నం బాపుకు అన్నం గిన్నె పట్టుకుపోయేది జమునే. ఆ మోతలో మాట వినిపించదు కాబట్టి అక్కడ మనుషులు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. మల్లేష్ పెదవులతో ఏదో అనేవాడు, ఆమెకు అర్థమయ్యేది కాదు, అర్థం కాలేదని తల అడ్డంగా ఊపితే మళ్లీ అనేవాడు, ఇంకా నెమ్మదిగా. ఆమె చాలాసార్లు అర్థమై కూడా తల ఊపింది. రెండిళ్లవాళ్లూ మాట్లాడుకున్నారు, దసరా పోయాక ఖాయం చేసుకుందామన్నారు. అంతలో రోగం మాట పుట్టింది. ఒక వాడలో ఇద్దరు పోయారన్నారు, ఇంకో వాడలో ఇంటిల్లిపాదీ అన్నారు, మందుల దుకాణాల్లో బిళ్లలు దొరకడం మానేశాయి, తెల్లారేసరికి సగం గల్లీ స్టేషనులో ఉంది. అమ్మ వెంకటవ్వ గిన్నెలు గోనెలో కుక్కుతుంటే మల్లేష్ వాకిట్లోకి వచ్చాడు. మూటలు స్టేషను దాకా మోశాడు. టికెట్టు మాత్రం కొనుక్కోలేదు. ఊళ్లో తనకు పోయి పడుకునే అరుగు కూడా లేదు, తన తల్లే అక్క ఇంట్లో ఉంటోంది, తనెక్కడికి పోతాడు. మనిషి మీద మనిషి ఎక్కుతున్న ఆ ప్లాట్‌ఫారం మీద జమున అతని అంగీ చెయ్యి పట్టుకుంది, అందరూ ఎవరినో ఒకరిని పట్టుకునే ఉన్నారు కాబట్టి అది ఎవరికీ కనబడలేదు. "నువ్వు గూడ రా," అంది. "మీరు పోయి రాండ్రి. నేనీడనే ఉంట," అన్నాడు. రైలు కదిలాక కిటికీలోంచి అతను ఏదో అన్నాడు, పెదవులతో. ఆ ఒక్కసారి నిజంగానే ఆమెకు అర్థం కాలేదు.

ఊళ్లో వాళ్లను రానివ్వలేదు. సూరత్ నుంచి వచ్చినోళ్లు రోగం తెచ్చిన్రు అని ఊరి బయట జొన్నచేలో ఆపేశారు, నీళ్లు దూరంగా పెట్టి వెనక్కి జరిగారు. నిరుడు ఇదే మళ్లీ జరిగినప్పుడు, సూరత్ నుంచి నడిచిపోయినవాళ్లను ఊళ్ల పొలిమేరల్లో ఆపేస్తున్నారని టీవీలో చూపిస్తే, రుచిత నమ్మలేనట్టు చూసింది, జమునకు కొత్తగా అనిపించలేదు. చలికాలం మొదలయ్యాక తిరిగొచ్చారు. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే గల్లీ చివర ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనుషుల గుంపు ఖాడీ గట్టున చెత్త ఎత్తుతోంది. అందులో ఒకడు ఆమెను చూసి పార నేలకు ఆనించి చెయ్యెత్తాడు. గుడ్డ మీద కళ్లు మాత్రమే కనబడ్డాయి, అయినా నవ్వుతున్నాడని తెలిసింది. ఈడనే ఉంట అన్నాడు, ఉన్నాడు. ఆమె కూడా చెయ్యెత్తింది. బాపు వెనక నుంచి చూశాడు. సాలోడి పిల్లను చీపురు పట్టినోడికి ఇస్తామా, అని ఆ సాయంత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. నాకు ఇష్టమే బాపూ, అని ఆమె ఒక్క మాటే అంది. ఎన్నడూ చెయ్యెత్తని మనిషి చెంప మీద కొట్టాడు. ఆమె అన్నం ముట్టలేదు. అమ్మ పక్కన కూర్చుని ఏడ్చిందే గానీ ఏమీ అనలేదు. గొడవంతా రెండు వారాల్లో సర్దుకుంది, రాజలింగం సంబంధం వచ్చింది, గల్లీ మారారు. మల్లేష్‌ను మునిసిపాలిటీ వాళ్లు ఇంకో జోనుకు పంపారని ఎవరో అన్నారు. తర్వాత అంత పెద్ద ఊళ్లో అతను మళ్లీ కనబడలేదు. ఆ ఊరు శుభ్రమైంది, మెచ్చుకున్నారు, బహుమతులిచ్చారు, వంతెనలు కట్టారు, ఖాడీ ఒడ్డు గుడిసెలు తీసేసి కోసాడ్‌లో ఇళ్లిచ్చారు. ఆమె ఎక్కడికి పోయినా, ఆసుపత్రికి పోయినా, అడాజన్‌లో ఎవరింటికో చీరలు ఇవ్వడానికి పోయినా, రోడ్డు పక్కన పచ్చ జాకెట్టు వేసుకుని వంగి ఊడుస్తున్న మగమనిషి కనిపిస్తే ఒక్క క్షణం నడక తగ్గించేది. అతను తలెత్తేవాడు. వేరే ఎవరో. మళ్లీ నడిచేది.

"ఆఁ, వచ్చిండు, వచ్చిండు," అన్నాడు సారు. తెరమీద కొత్త గడి తెరుచుకుంది. అందులో బొమ్మ లేదు, పేరు లేదు, ఫోను నంబరు మాత్రం ఉంది. "మల్లేషన్నా, వినబడుతుందా?"

"వినబడుతుంది సారు. నమస్తే అందరికి."

బొంగురుపోయిన గొంతు, వయసు మీద పడ్డ గొంతు. అతనే. జమున ట్యాంకు మీద చెయ్యి వేసింది. సాంచాల మోతలో ఆ గొంతును ఆమె ఎక్కువసార్లు వినలేదు నిజానికి, పెదవులే చూసింది, అయినా మాట చివర కొంచెం కిందికి దిగి ఆగే ఆ పద్ధతి ఎక్కడున్నా తెలుస్తుంది. తన గడిలో రుచితే పెట్టిన పేరుంది, అమ్మ అని. అతనికి తెలిసే దారి లేదు.

సారు అడుగుతున్నాడు, ఊరు ఊరంతా పారిపోతుంటే మీరు సేవ చెయ్యాలని ఎట్ల అనుకున్నరు అని. "సేవ ఏంది సారు," అన్నాడు మల్లేష్. "ఆకలికి పోయిన. కార్ఖానకు తాళమేసి శేఠ్ పోయిండు. హోటళ్లు బంద్. గదిల ఒక్కన్నే. గప్పుడు మైకు పెట్టుకోని జీపొచ్చింది, పనికొస్తె కూలీ, పొట్టకు తిండి అన్నరు. పోయిన. మొదటి దినం ఖాడీల చచ్చిన బర్రెను గుంజినం. గా దినం తిండి పెట్టిన్రు గని తినబుద్ధి కాలే. తెల్లారి తిన్న." ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఏళ్ల తరబడి రోజందార్‌గానే ఉంచారని చెప్పాడు. ఇయ్యాల రా అంటే రావాలె, రేపు వద్దంటే పోవాలె. కాయమీ చెయ్యమని వార్డు ఆఫీసు ముందు కూర్చున్నారు, యూనియన్లో తిరిగారు, ఒకసారి మీ పుస్తకంలో లెక్కనే చీపుర్లు కింద పెట్టారు. పట్నం ఆగిందా మరి, అని తిరుమల అడిగాడు, ఈసారి గొంతులో పేచీ లేదు. "ఏడ ఆగుతది తమ్మీ. వాసన ఫస్టు మా ముక్కులకే వచ్చింది, మేముండేది గా చెత్త పక్కనే గద. అయినా కూసున్నం. ఆఖరికి చేసిన్రు కాయమీ, అందర్ని గాదు. మా ఇంటామె గూడ గీ పనిలనే ఉన్నది. ఇయ్యాల ఆమెకు డ్యూటీ."

ఇంటామె. జమునకు ఎక్కడో చురుక్కుమంది, వెంటనే ఏదో తేలికైంది కూడా. అతను ఒంటరిగా లేడు. తను ఇన్నేళ్లూ నడక తగ్గించి చూసింది ఒంటరి మనిషి కోసం కాదు కదా, కనిపిస్తే చాలనే కదా. ఆ ఇంటామె ఎలా ఉంటుందో, ఇద్దరూ పొద్దున్నే చీపుర్లు పట్టుకుని ఒకే దారిన పోతారో, వేరువేరు దారుల్లోనో. ఆమెకు ఈ రోగం కాలంలో డ్యూటీ, గ్లౌజులిచ్చారో లేదో. తాపీ వైపు ఎండ పల్చబడుతోంది. ఆరేసిన బట్టలు కదులుతున్నాయి. చెవిలో రుచిత గొంతు.

"అంకుల్, ఏక్ సవాల్. మీరు ఈ కామ్‌ల చేరినప్పుడు మనోళ్లు ఏమనలేదా? కులపోళ్లు?"

"అనుడు ఏంది బిడ్డా. ఎవరు ఏమనరు. అన్నం బంతిల కూసుంటె జర పక్కకు జరుగుతరు, గంతే. మా అవ్వ ఏడ్సింది. ఒక సంబంధం మాట్లాడి ఉండె, అది పోయింది."

"వాళ్లు వద్దన్నరా?"

"పిల్ల వాళ్ల బాపు వచ్చి చెప్పిండు. నా బిడ్డకు నీ పేరెత్తితెనే కడుపుల తిప్పుతుందట, మా గల్లీకి రాకు అన్నడు. ఆ పిల్లకు ఇష్టం లేదంటె నేనేం జేస్త. తప్పు గాదు బిడ్డా. ఎవరికి ఇష్టముంటది? గా వాసన నాకే ఇష్టం లేకుండె. గందుకే జోన్ మార్పించుకోని పోయిన."

జమునకు మొదట ఆ మాటలు అర్థం కాలేదు. బాపు అతని దగ్గరికి పోయాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బాపు పోయి చాలా కాలమైంది, అడగడానికి లేడు, అమ్మా లేదు. కడుపుల తిప్పుతుందట. తన నోట్లో పెట్టిన మాట. పార నేలకు ఆనించి చెయ్యెత్తిన మనిషి, ఆ చెయ్యెత్తడం చూసి తను అసహ్యించుకుందని నమ్మి, జోను మార్పించుకుని పోయి, ఇన్నేళ్లు రోజూ పొద్దున్నే లేచి అదే వాసనలోకి వంగుతూ, ఎవరికి ఇష్టముంటది అనుకుంటూ ఊడ్చాడు. తను రోడ్లమీద వెతికిన మనిషి లోపల ఈ మాట ఉంది. వేలు తెరమీద ఎర్రగీత పడ్డ మైకు బొమ్మ దగ్గరికి పోయింది. కింద కూతురుంది. కూతురికి రాజలింగం తండ్రి. చెప్తే రాజలింగానికి ఏమైనా తక్కువవుతుందా అని ఆలోచించింది, మంచం మీద కళ్లు మూసుకుని, ఆడ ఆపకు, అనే మనిషి. తక్కువ కాదు. డ్యూటీలో ఉన్న ఆ ఇంటామెకు ఏమైనా పోతుందా. పోదు. ఎవరికీ ఏమీ పోదు, వచ్చేది కూడా ఏమీ లేదు, ఆ ఒక్క మాట ఉన్నచోటు నుంచి తీసేయడం తప్ప. సారు ఏదో అంటున్నాడు, కులం గురించి, పుస్తకంలో ఇంకో పేజీ గురించి. ఆమె మైకు తెరిచింది.

"ఆ పిల్లకు ఇష్టముండె."

సారు ఆగిపోయాడు. "ఎవరు మాట్లాడేది?"

"ఆ పిల్లకు ఇష్టముండె," అంది జమున మళ్లీ. "నాకు ఇష్టమే అని వాళ్ల బాపుకు చెప్పింది. చెంప మీద కొట్టిండు. అన్నం ముట్టలే ఆ పిల్ల. కడుపుల తిప్పుడు అన్నది వాళ్ల బాపు మాట. ఆ పిల్ల గట్ల అనలే. ఎన్నడు అనలే."

లైనులో ఎవరింట్లోనో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎక్కడో కుక్కరు కూత. ఆమె మల్లేష్ గడిలోని ఆ నంబరుకేసి చూస్తోంది.

"జమునా?" అన్నాడు మల్లేష్.

"ఆఁ."

కమలాకర్ సారు గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల్టికి చాలు. అందరు పెట్టేయుండ్రి ఫోన్లు."

"సారు, సమ్మె మీద నాది ఇంకో సవాల్ ఉండె..." అన్నాడు తిరుమల.

"పెట్టెయ్ బిడ్డా," అన్నాడు సారు, బడిలో ఎప్పుడూ వాడని మెత్తటి గొంతుతో. తిరుమల గడి పోయింది. ఆ వెనకే మిగతావాళ్లవి. సారు పోయాడు. రుచిత గడి మాత్రం ఉండిపోయింది. జమున ఆ పేరు వైపు చూడలేకపోయింది. కూతురు ఏమంటుంది, ఏమని అడుగుతుంది, రాత్రి అన్నం దగ్గర ఎలా కూర్చుంటారు ఇద్దరూ. అంతలో ఆ గడిలోంచే మాట వచ్చింది.

"అమ్మా, నేను కింద చాయ్ పెడ్త. జల్దీ ఏం లేదు. మెల్లగ రా."

ఆ గడి కూడా పోయింది. తెరమీద ఇక రెండే మిగిలాయి, ఒకటి అమ్మ, ఒకటి ఆ నంబరు. అతని వైపు ఎవరో బకెట్టు కింద పెట్టారు, దూరంగా ఏదో బండి పోయింది, అతను ముక్కు చీదుకున్నాడు, లేక దగ్గాడో. అడగాల్సినవి ఎన్నో ఉన్నాయనుకుంది ఇన్నాళ్లూ, రైలు కదిలేటప్పుడు ఏమన్నావు అనేది వాటిలో మొదటిది, ఇప్పుడు ఒక్కటీ నోటికి రావడం లేదు. అయినా ఫోను పెట్టేయాలనిపించలేదు. అతను కూడా పెట్టేయలేదు.

"ఎండల ఉన్నవా?" అన్నాడు చివరికి.

"నీడల్నే ఉన్న. డాబా మీద."

"నిల్సున్నవా?"

"ఆఁ."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు రాకముందుకెల్లి."

"కూసో జమునా," అన్నాడు.

జమున కొంగు నడుముకు దోపుకుని, ట్యాంకు కింది గట్టుకు వీపు ఆనించి కిందికి జారి కూర్చుంది. సిమెంటు ఇంకా వేడిగా ఉంది. కాళ్లు చాపుకుంది.

"కూసున్న," అంది. "చెప్పు."